మూసీ వరద మీద ఆట: ఎంతవరకు వచ్చింది?

1908లో హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరదను ఇతివృత్తంగా తీసుకుని, ఏ సంస్థ పెట్టుబడీ లేకుండా సొంతంగా ఒక ఇంటరాక్టివ్ కథను తయారు చేస్తున్న రచయితను నిరుడు మన పత్రికలో పరిచయం చేశాము. ఇందులో బొమ్మలు తక్కువ, మాటలు ఎక్కువ. కథ నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, ఇప్పుడు ఏం చేస్తారని చదివేవారినే అడుగుతుంది, వారు ఎంచుకున్నదాన్ని బట్టి ముందుకు సాగుతుంది. దసరాకు విడుదల అని అప్పుడు చెప్పిన మాట దాటిపోవడంతో చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి రచయిత పంపిన జవాబులు ఇవి.

ప్రశ్న: దసరా వచ్చింది, వెళ్లింది. ఆట మాత్రం రాలేదు. నిజంగా పని జరుగుతోందా, లేక మధ్యలో వదిలేశారా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: వదిలేయలేదు. మొత్తం ఐదు అధ్యాయాలలో మూడు పూర్తయ్యాయి, నాలుగోది ఆరుగురు మిత్రుల చేత ఆడించి తప్పులు పట్టిస్తున్నాను, ఐదోది చిత్తుప్రతిగా ఉంది. ఆలస్యానికి కారణం అడిగారు కనుక దాచకుండా చెబుతాను. కారణం చంద్రుడు.

రెండో అధ్యాయం చివర, సెప్టెంబరు 27 రాత్రి, వాన కాసేపు తెరిపి ఇచ్చినప్పుడు కథానాయకుడు మిద్దె ఎక్కి వెన్నెల్లో మెరుస్తున్న నదిని చూస్తాడని రాసుకున్నాను. రాసినప్పుడు బాగానే అనిపించింది. తరువాత ఎందుకో అనుమానం వచ్చి తిథి లెక్క కట్టి చూస్తే, వరద ముంచెత్తిన 28వ తేదీ సోమవారం, కీలక నామ సంవత్సరం ఆశ్వయుజ శుద్ధ తదియ అయింది. అంటే 27 రాత్రి ఆకాశంలో ఉండగలిగినది విదియ చంద్రుడు. పొద్దు గుంకిన గంటన్నర లోపే అదీ దిగిపోతుంది. ఆ రాత్రి వెన్నెల లేదు. ఊరు మునిగింది కటిక చీకట్లో అని తెలిసిన తరువాత మిద్దె మీది దృశ్యం ఒక్కటి మారిస్తే సరిపోలేదు. కథానాయకుడు నదిని చూడడం మానేసి వినడం మొదలుపెట్టాలి, కాబట్టి దాని మీద ఆధారపడిన పద్నాలుగు చోట్ల వాక్యాలన్నీ తిరగరాయవలసి వచ్చింది.

అంతటితో అయిపోయిందా అంటే, లేదు. ఆశ్వయుజ శుద్ధంలో తొలి రోజులు అంటే నవరాత్రులు. అదే నెలవంకతో రంజాన్ నెల కూడా మొదలైంది. నేనేమో మూడో అధ్యాయంలో పక్క అంగడి సాయిబు గారి చేత పట్టపగలు షర్బత్ తాగించాను! పూటకూళ్లమ్మ ఇంట్లో ఒక్క పొద్దు ఉండేవాళ్ల ఊసే లేదు. ఊరంతా, ఎవరి దేవుడి పేరున వారు, ఉపవాసంలో ఉన్న వేళ ఆ నీళ్లు వచ్చాయన్నది నాకు మొదట తట్టనే లేదు. ఇప్పుడు మూడో అధ్యాయం దాని మీదే నిలబడింది. షర్బత్ గ్లాసు మాత్రం నాలుగో అధ్యాయంలోకి, సాయంత్రం ఇఫ్తార్ వేళకు జరిగింది.

ప్రశ్న: చరిత్రలో జరిగినది ఎలాగూ మారదు కదా. నేను ఏ దారి ఎంచుకున్నా వరద వచ్చి తీరుతుందంటే ఇక ఆట ఎందుకు? వరదను ఆపే దారి ఒక్కటైనా పెట్టకూడదా? (ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: పెట్టను. ఎందుకో చెప్పాలంటే వరద ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి నగరానికి వచ్చేలోపు దాని పరీవాహక ప్రాంతమంతా గొలుసుకట్టు చెరువులే, అంటే పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరే అమరిక. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడిన ఆ రోజున ఆ అమరికే శత్రువైంది. పైన ఒక కట్ట తెగితే ఆ నీటి బరువు కింది కట్ట మీద పడి అదీ తెగుతుంది, ఆ రెండూ కలిసి మూడోదాన్ని తోసుకుపోతాయి. అలా రెండు వందలకు పైగా కట్టలు తెగి ఆ నీరంతా నగరం మీదికి వచ్చింది. ఒక గుమాస్తా గానీ, ఒక పూటకూళ్లమ్మ గానీ (నా ఆటలో మీరు ఈ ఇద్దరిలో ఒకరు) దీన్ని ఆపగలరని చూపిస్తే, చనిపోయిన వేలమందిలో ఎవరికీ తెలివి లేకపోయిందని చెప్పినట్టే అవుతుంది.

అయితే మీ చేతిలో ఏమీ లేదని కాదు. ఆటలో లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది, అది మీకు కనిపించదు. మీరు ఒక్కొక్క నిర్ణయం తీసుకునేటప్పటికి పైన ఒక్కొక్క కట్ట తెగుతూ ఉంటుంది. మీరు ఎవరితోనో బేరమాడుతూ కాలం గడిపితే, మీరు చేరేసరికి దాటవలసిన వంతెన ఉండదు. 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటి నిలిచింది, అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. ఏ ఒడ్డున చిక్కుకుపోతారన్నది మీ మీద ఆధారపడి ఉంటుంది.

మూడో అధ్యాయం నుంచి ఒక చోటు ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను:

“నీళ్లు గడప దాటాయి. సేటు ఊళ్లో లేడు. గల్లాపెట్టెలో హాలీ రూపాయలు, అడుగున గుడ్డలో కట్టిన కొన్ని కల్దార్లు. అటక మీద ఆరేళ్ల ఖాతా పుస్తకాలు. గోడ అవతల పక్కింటి ముసలమ్మ తలుపు బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్లీ వినిపిస్తోంది.”

(హాలీ అంటే నిజాం రూపాయి, కల్దారు అంటే బ్రిటిష్ రూపాయి.) ఇక్కడ మూడు దారులు ఉంటాయి: పుస్తకాలు మూట కట్టు; గల్లాపెట్టె తాళం తియ్యి; గోడ అవతలికి వెళ్లు. ముసలమ్మ దగ్గరికి వెళ్లడమే మంచి దారి అని అందరికీ తెలుసు, ఆడి చూసిన ఆరుగురూ మొదటిసారి అదే ఎంచుకున్నారు. నాకు ఎక్కువ పని పెట్టినది ఖాతా పుస్తకాల దారి. వాటిని మీరు కాపాడితే, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడ్డ మనుషుల అప్పులన్నీ వడ్డీతో సహా బతికి ఉంటాయి. వాటిని నీళ్ల పాలు చేస్తే ఆ మనుషులు బయటపడతారు, మీ కొలువు పోతుంది. నాలుగో అధ్యాయంలో సేటు తిరిగి వచ్చి ‘పుస్తకాలేవి?’ అని అడిగే దృశ్యాన్ని నేను ఇప్పటికి తొమ్మిది సార్లు రాశాను.

ప్రశ్న: మీరు విడుదల చేసిన నగరపటంలో నది ఒడ్డున హైకోర్టు గానీ ఉస్మానియా ఆసుపత్రి గానీ లేవు. హైదరాబాదు బొమ్మ వేస్తూ వాటిని మరచిపోవడం ఏమిటి? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మరచిపోలేదండీ, అప్పటికి అవి లేవు. హైకోర్టు భవనం 1919లో, ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925లో పూర్తయ్యాయి. ఈ రోజు మూసీ ఒడ్డు అనగానే మన కళ్లకు కట్టే భవనాలు చాలావరకు వరద తరువాత, 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి కాలంలోనూ ఆ పైనా లేచినవే. 1908లో అఫ్జల్‌గంజ్‌లో ఒక పాత ఆసుపత్రి ఉండేది, అదీ కొట్టుకుపోయింది. నాంపల్లి స్టేషను మాత్రం అప్పటికి ఏడాది వయసుది కనుక పటంలో ఉంది. నిజానికి మొదటి పటంలో హైకోర్టు గుమ్మటాలు నేనూ వేయించాను. చిత్రకారుడైన నా మిత్రుడు మూడు రోజులు కూర్చుని వేసినదాన్ని చెరిపేయమని చెప్పడానికి నాకు ఒక వారం పట్టింది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. మీ నమూనా అధ్యాయం మా అమ్మాయి చేత చదివిద్దామని తెరిస్తే వత్తులన్నీ విడిపోయి కనిపించాయి. పైగా కథానాయికకు తన పేరు పెట్టుకునే వీలు లేదని నిరాశపడింది. ఇంగ్లీషు ఆటలన్నింటిలో అది ఉంటుంది కదా? (ఒక తల్లి, అమెరికా)

జవాబు: రెండు ఫిర్యాదులూ న్యాయమైనవే. వత్తుల సంగతి ముందు చెబుతాను. నేను కథను ‘ఇంక్’ అనే రచనాభాషలో రాస్తున్నాను. బ్రిటన్‌లోని ఇంకిల్ అనే ఆటల సంస్థ దాన్ని తయారు చేసుకుని 2016లో అందరికీ ఉచితంగా విడిచిపెట్టింది. దానికి తెలుగుతో ఏ పేచీ లేదు. పేచీ వచ్చినది తెర మీద చూపించేటప్పుడు. మొదటి నమూనాను ఆటలు తయారు చేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో కూర్చాను, అందులోని అక్షరాల పరికరం ఒక్కొక్క గుర్తునూ విడిగా తెచ్చి పక్కపక్కన పెడుతుందే తప్ప, మన లిపిలో హల్లు కింద హల్లు చేరి వత్తు అవుతుందన్న సంగతి దానికి తెలియదు. ‘లక్ష్మి’ అనే పేరు పొల్లులతో ముక్కలైపోయి కనిపిస్తుంది. మీరు చూసినది అదే. ఇప్పుడు ఆట మొత్తాన్ని మామూలు బ్రౌజరులో నడిచేటట్టు మార్చాను. బ్రౌజర్లు తెలుగును ఎప్పటినుంచో సరిగానే చూపిస్తున్నాయి కనుక, ఫోనులో తెరిచినా ఇక ఇబ్బంది ఉండదు.

ఇంకొక చిన్న సంగతి. అక్షరాలు టైపు అవుతున్నట్టు ఒక్కొక్కటే తెర మీదికి రావడం ఈ రకం ఆటల్లో అలవాటు. తెలుగులో అలా చేస్తే ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం రావడానికి ముందు ‘స’ వచ్చి, అది పొల్లై, దాని పక్కన ‘త’ చేరి, చివరికి ‘రీ’ వచ్చేదాకా ఆరు రూపాలు మారుతుంది. చదివేవారికి కళ్లు తిరుగుతాయి. అందుకని మాటకు మాట వచ్చేటట్టు పెట్టాను.

ఇక పేరు సంగతి. మొదట నేనూ ఆ వీలు పెట్టాను. ఇంగ్లీషులో పేరు పక్కన ఏ మాట పెట్టినా పేరు మారదు. మనకు అలా కుదరదు కదా! ఆడేవారు ‘లక్ష్మి’ అని పెడితే ‘లక్ష్మికి’, ‘లక్ష్మిని’ అనాలి. ‘నర్సింలు’ అని పెడితే ‘నర్సింలుకు’, ‘నర్సింలును’ అనాలి. పేరు ‘రామం’ అయితే అది ‘రామానికి’ అవుతుంది. ఆపైన ‘వచ్చాడు’, ‘వచ్చింది’ తేడా ఉంది, ఎదుటివారు నువ్వు అంటారా, మీరు అంటారా అన్నది ఉంది. పూటకూళ్లమ్మను బాటసారులు ‘అమ్మా, కూచోండి’ అంటారు, గుమాస్తాను సేటు ‘ఏమిరా’ అంటాడు. ఒక్క వాక్యానికి పదహారు రూపాలు రాసుకుని, ఒకనాటి రాత్రి పరీక్షించి చూస్తే ‘లక్ష్మికు అన్నం పెట్టింది’ అని తెర మీద కనిపించింది. ఆ తెల్లవారే ఆ వీలు తీసేశాను. ఇప్పుడు గుమాస్తా పేరు నర్సింలు, పూటకూళ్లమ్మ పేరు లక్ష్మి, అంతే. అయినా మీ అమ్మాయి నిరాశపడిందన్న మాట నన్ను పట్టుకుంది కనుక, పూటకూళ్లింట్లో నీళ్లు మోసే పిల్లకు మాత్రం ఎనిమిది పేర్ల జాబితా నుంచి ఒకటి ఎంచుకునే వీలు పెడుతున్నాను. ఆ ఎనిమిదింటి రూపాలనూ చేత్తోనే రాసుకున్నాను.

ప్రశ్న: కథలో నిజంగా జీవించిన మనుషులు ఉన్నారా? నిజాం స్వయంగా నది దగ్గరకు వెళ్లి పూజ చేశాడని చిన్నప్పుడు విన్నాము. అది ఉంటుందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్)

జవాబు: ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కథలో ఉన్నాడు గానీ మీకు ఎదురుపడడు. ఆయన నదికి పసుపు కుంకుమలు సమర్పించి హారతి ఇచ్చాడన్న కథను నేనూ మా ఇంట్లో విన్నాను. దాన్ని ఆటలో బజారు మాటగానే పెట్టాను. గంజి కేంద్రం దగ్గర ఒకరు చూశామంటారు, ఇంకొకరు తమ బావమరిది చూశాడంటారు, మరొకరు కొట్టిపారేస్తారు. నమ్మడమా మానడమా అన్నది మీ ఇష్టం, ఆట తీర్పు చెప్పదు. భవనాల తలుపులు తెరిచి నిరాశ్రయులకు చోటు ఇవ్వడం, అన్నం వండి పెట్టించడం మాత్రం బజారు మాట కాదు కనుక వాటిని మీరు కళ్లారా చూస్తారు.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. ఆయనను పాత్రగా పెట్టమని ఒక మిత్రుడు చాలా పట్టుబట్టాడు. ఆయన నోట నేను మాటలు రాసి, ఆడేవారి చేత ‘ఓదార్చు’, ‘వెళ్లిపో’ అని రెండు మీటలు నొక్కించడానికి నాకు మనసు ఒప్పలేదు.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మాత్రం ఉంది. 1901లో మొదలైన ఆ గ్రంథాలయానికి నర్సింలు సెలవు రోజున వెళ్లి పత్రికలు చదువుతాడు. దర్బారు ఉర్దూలో, అంగడి లెక్కలు తెలుగులో, సుల్తాన్ బజారులో బ్రిటిష్ కల్దారు, నది అవతల హాలీ సిక్కా చెల్లే ఊళ్లో ఒక తెలుగు గుమాస్తా ఎన్ని భాషల మధ్య బతికాడో చూపడానికి అంతకన్న మంచి చోటు నాకు దొరకలేదు. వరదను కూడా పాత్రలు ఒక్క పేరుతో పిలవరు. సాయిబు గారు ‘తుగ్యానీ’ అంటారు, లక్ష్మి ‘ఏరు పొంగింది’ అంటుంది.

ప్రశ్న: ఏం చేయాలో మనమే టైపు చేసే పాత పద్ధతి ఎందుకు పెట్టలేదు? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

జవాబు: ‘దీపం తీసుకో’, ‘దీపాన్ని తీసుకో’, ‘దీపం పట్టుకో’, ‘ఆ దీపం ఇటు తే’ అన్నీ ఒకటేనని యంత్రానికి నేర్పడానికి నాకు ఇంకొక జన్మ కావాలి. పైగా ఫోనులో తెలుగు టైపు చేయమంటే చాలామంది మొదటి తెర దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: మాది వికారాబాద్ దగ్గర పల్లె. మా నాయనమ్మ వాళ్ల అమ్మమ్మ చెప్పిన మాటగా, చెరువు కట్ట తెగిన రాత్రి ఎడ్ల మెడలో గంటలు దూరమవుతూ వినిపించాయని మా ఇంట్లో అంటారు. ఇటువంటివి మీకు పనికి వస్తాయా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరం వచ్చిన రోజున నేను మొదట చెప్పిన వెన్నెల దృశ్యం ఇంకా ఖాళీగానే ఉంది. చీకట్లో నర్సింలు ఏం వింటాడు అన్న చోట ‘హోరు’ అని ఒక్క మాట రాసి పెట్టుకుని నెల రోజులుగా దాన్నే చూస్తున్నాను. మీరు అనుమతిస్తే ఆ ఎడ్ల గంటలు అక్కడికి వస్తాయి. నగరంలో ఉన్న నర్సింలుకు మీ పల్లె గంటలు వినిపించవు కనుక, పై ఊరి నుంచి బండి మీద పారిపోయి వచ్చిన ఒక రైతు పూటకూళ్లింటి అరుగు మీద కూర్చుని చెబుతాడు. ఆ రైతు మాట విని నిద్రపోతున్నవారిని లేపితే, మీకు ఒక జాము సమయం కలిసివస్తుంది. ఆ జాము లోపల ఎంతమందిని ఎత్తు మీదికి చేర్చగలరన్నది నాలుగో అధ్యాయం మొదట్లో తేలుతుంది. ఇటువంటి మాటలు ఎవరి ఇంట్లో ఉన్నా, ఎవరు ఎవరికి చెప్పారో కూడా కలిపి పంపండి. రికార్డుల్లో 19,000 ఇళ్లు కూలాయని ఉంటుంది, గంటల చప్పుడు ఉండదు.

ప్రశ్న: వెల ఎంత? ఎప్పుడు వస్తుంది? (చాలామంది)

జవాబు: మొదటి రెండు అధ్యాయాలు ఉచితం. మిగిలినవాటికి ఎవరికి తోచినంత వారు ఇవ్వవచ్చు, ఇవ్వకపోయినా ఆడవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పూట రాస్తున్నాను కనుక నాకు అప్పుల బాధ లేదు, నిద్ర బాధ మాత్రం ఉంది.

తేదీ ఈసారి చెప్పను. నాలుగో అధ్యాయంలో పోయిన వారం ఒక దోషం బయటపడింది. మూడో అధ్యాయంలో మునిగిపోయిన పక్కింటి ముసలమ్మ, గంజి కేంద్రంలో నర్సింలుకు అన్నం వడ్డిస్తూ కనిపించింది. ఆమె చనిపోయిందని గుర్తు పెట్టే మీట ఒకటి నేను ఒక దారిలో పెట్టి, రెండో దారిలో మరచాను. అది సరిచేశాను, కానీ అటువంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో చూడడానికి ప్రతి దారినీ చివరిదాకా నడిపించాలి.

ఐదో అధ్యాయం వరద అయిన పన్నెండేళ్లకు, 1920లో, విశ్వేశ్వరయ్య సూచన మీద మూసీకి అడ్డంగా కట్టిన గండిపేట చెరువు కట్ట మీద మొదలవుతుంది. అంతకు ముందు, నాలుగో అధ్యాయం చివర, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దృశ్యం ఉంది. ఆ చెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు, చెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. నేను కాగితం, పెన్సిలు పట్టుకుని మూడు ఆదివారాలు దాని కింద కూర్చున్నాను. అంతమంది అన్ని గంటలు ఆ కొమ్మల మీద ఒకరినొకరు పట్టుకుని ఏం మాట్లాడుకుని ఉంటారో ఇంకా రాయలేకపోయాను. ప్రస్తుతానికి అక్కడ నర్సింలు పక్కనున్న పిల్లవాణ్ణి ‘మీ ఇల్లు ఎక్కడ?’ అని అడుగుతాడు, పిల్లవాడు నీళ్ల వైపు చూపిస్తాడు. దాని తరువాతి తెర ఖాళీగా ఉంది.